మన్యం పోరును మలుపు తిప్పిన మూడు ఘట్టాలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో రెండు మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మే నెల వచ్చిందంటే వారి మాటల్లో అల్లూరి సీతారామరాజు ప్రస్తావన రాక మానదు. మొన్న పొరుగింటి కుర్రాడు అడిగాడు: ‘‘తాతగారూ, మీరు మిలటరీలో చేశారు కదా, రాజుగారు యుద్ధంలో గెలిచారా, ఓడారా?’’ సినిమా చూసి వచ్చినవాడికి ఆ సందేహం సహజమే. డెహ్రాడూన్ అకాడమీలో యుద్ధాలను లెక్కగట్టడం నేర్చుకున్నవాడిగా నాకు తోచిన జవాబు ఇది.

ముందుగా కారణం చూడాలి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడుకు అడ్డుపడింది. ఆపై నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించడంలో గూడెం తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా వారి చేత చాకిరీ చేయించాడు. ఇందులో సైనికపరమైన అర్థం కూడా ఉంది. నర్సీపట్నం రోడ్ స్టేషను వరకు రైలు ఉంది. అక్కడ దిగాక కొండ మీదికి కాలిబాటలే గతి. రైల్వే ఊళ్లో ఉన్నవారికి ఈ మాట తేలిగ్గా బోధపడుతుంది: పట్టాలు ఆగిన చోట సర్కారు బలమూ సగమయ్యేది. దారి వేయడమంటే మన్యాన్ని గుప్పిట్లోకి తెచ్చుకోవడమే.

మూడు రోజులు, మూడు ఠాణాలు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై రాజు దళం విరుచుకుపడింది. 26 తుపాకులు చేజిక్కాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్య దొరను విడిపించారు. ఏమేం తీసుకెళ్తున్నదీ రికార్డులో రాసి రాజు సంతకం చేశారు. ఆయుధాలు లేని సేన శత్రువు గోదామునే తన గోదాముగా చేసుకుంది. ఇది మొదటి మలుపు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో రెండోది. ఇరుకు దారిలో నడుస్తున్న బలగంలో ముందున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వస్తున్న బ్రిటిష్ అధికారులపై గురిపెట్టారు. స్కాట్ కవర్డ్, హైటర్ అక్కడే చనిపోయారు. పొదల్లో దాక్కుని వేలు ట్రిగ్గర్ మీద పెట్టినవాడికి ఎవరిని వదలాలో తెలియడం ఎంత కష్టమో ఆకస్మిక దాడుల్లో శిక్షణ పొందినవారు ఎరుగుదురు. ఆ నిగ్రహమే ఇది దోపిడీ ముఠా కాదని లోకానికి చాటింది.

పెదగడ్డపాలెం గుణపాఠం

రాజు పొరపాట్లు చేయలేదా? చేశారు. ముందే చెప్పి మరీ దాడికి వెళ్లడం ధైర్యానికి గుర్తే అయినా, అక్టోబరులో అడ్డతీగలకు వెళ్లేసరికి పోలీసులు తుపాకులను ముందే దాటించేశారు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం వద్ద మలబారు స్పెషల్ పోలీసుతో తలపడి అనుచరులనూ ఆయుధాలనూ పోగొట్టుకున్నారు. గెరిల్లా దళం ఎదురెదురు పోరుకు చిక్కితే జరిగేది ఇదే. మూడో మలుపు అక్కడే.

ఆ తర్వాత సర్కారు కూడా నేర్చుకుంది. అడవిలో రాజును వెంటాడటం కన్నా, ఆయనకు అన్నం, కబురు అందించే పల్లెలను నొక్కడం సులువని గ్రహించింది. రాజు తలకు వెల 10,000 రూపాయలకు చేరింది. 1923 సెప్టెంబరులో గాం మల్లు దొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగింది. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాక పల్లెలపై ఒత్తిడి పెరిగింది. మే 7న మంప వద్ద రాజును పట్టుకుని, కొయ్యూరులో మేజర్ గుడాల్ శిబిరంలో కాల్చి చంపారు. పారిపోబోయాడన్నది సర్కారు మాట. చెట్టుకు కట్టి కాల్చారన్నది మన్యం మాట. ఏది ఏమైనా, చేతికి చిక్కిన మనిషిని విచారణ లేకుండా చంపడం సైనికధర్మం కాదు. జూన్‌లో గంటం దొర నేలకొరగడంతో పోరు ముగిసింది.

మనకేం పాఠం?

మా ఛత్తీస్‌గఢ్‌లోనూ ఇలాంటి కథే ఉంది. 1910 ఫిబ్రవరిలో బస్తర్‌లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. రిజర్వు అడవుల పేరిట ఊళ్ల హక్కులకు కోత పెట్టడం దానికి ముఖ్య కారణం. నాయకుడు గుండాధూర్ మాత్రం చివరిదాకా చిక్కలేదు. రెండు చోట్లా గొడవ ముందు అటవీ కచేరీలో పుట్టి, తర్వాతే కొండ మీదికి ఎక్కింది. అక్కడే తీర్చి ఉంటే పటాలాలను పంపే అవసరం వచ్చేది కాదు. నేడు అడవి ప్రాంతాల్లో భద్రత చూసే యువ అధికారులకు నేను చెప్పేది ఒక్కటే. కబురు ఇచ్చేదీ ఆపేదీ పల్లె. దానిని భయపెట్టి ఒక ఏడాది గెలవవచ్చు. నమ్మకం పొందితే ఒక తరం నిలుస్తుంది.

కుర్రాడికి ఇలా చెప్పాను: ‘‘రాజుగారు యుద్ధంలో ఓడారు నాయనా. కానీ రెండేళ్లు సర్కారును నిద్రపోనివ్వలేదు. ఆయనను చంపిన అధికారి పేరు అడిగితే నువ్వు చెప్పలేవు. ఆయన పేరు మాత్రం ఇంత దూరంలో పుట్టినా నీకు తెలుసు.’’

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి, బిలాస్‌పూర్)