మాంచాల గడప దాటి కార్యమపూడికి

యుద్ధానికి వెళ్లవలసిన యోధుడు, అతని కోసం ఎదురుచూసే స్త్రీ, వారి జీవితాలను చుట్టుకున్న ఒక రహస్యం, ఆ రహస్యం వెనుక మనిషి బుద్ధికి అందని శక్తి ఏదో ఉన్నదన్న శంక, ఈ నాలుగింటినీ ఒకే పేటగా పేని చెప్పే నవలలకు నేటి ప్రపంచంలో పెద్ద పాఠకలోకం ఉన్నది. వీటిని సైనిక ప్రణయ ఉత్కంఠ నవలలు అనవచ్చు. అమెరికన్ రచయిత్రి సుజాన్ బ్రాక్‌మన్ 1996లో ‘ప్రిన్స్ జో’తో ప్రారంభించిన నవలామాలిక ఈ కోవకు బాగా తెలిసిన ఉదాహరణ, అందులో నాయకులు అమెరికా నౌకాదళపు ప్రత్యేక పోరాట బృందానికి చెందినవారు. ప్రేమకథ కేంద్రంగా ఉండాలని, ముగింపు పాఠకుడికి తృప్తిని, ఆశను మిగల్చాలని అక్కడి ప్రణయ నవలా రచయితల సంఘమే నిర్వచించుకోవడం వల్ల, తుపాకులు ఎంత మోగినా చివరి పుటల్లో నాయకుడు ప్రాణాలతో ఇల్లు చేరతాడన్న భరోసా పాఠకుడికి ముందే ఉంటుంది. తెలుగులో మధుబాబు షాడో నవలలు సాహసాన్నీ ఉత్కంఠనూ, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ క్షుద్రశక్తుల భయాన్నీ ఇంటింటికీ చేర్చాయి కాని, యుద్ధం, ప్రణయం, రహస్యం, అతీంద్రియం అన్నీ కలిసిన కథ కావాలంటే మాత్రం మాచర్ల, గురజాల, కారెంపూడి ప్రాంతాలకే వెళ్లాలి. ఆ కథ పల్నాటి వీరచరిత్ర.

ఈ కథకు ఆధారం 12వ శతాబ్దం చివరలో పల్నాటిలో జరిగిన దాయాదుల పోరు. హైహయ వంశపు అలుగురాజుకు చందవోలు రాజపుత్రిక మైలమదేవితో వివాహం జరిగి, పల్నాడు అరణంగా, అంటే పుట్టింటివారు కూతురికి ఇచ్చే కానుకగా సంక్రమించిందని సంప్రదాయం చెబుతుంది. మైలమ కొడుకు నలగామరాజు గురజాలలో రాజైన తరువాత, సవతి తమ్ముడు మలిదేవుడికీ అతనికీ పొసగక రాజ్యం రెండుగా చీలి, మంత్రి బ్రహ్మనాయుడి అండతో మలిదేవుడు మాచర్ల రాజధానిగా పాలించాడు. గురజాలలో నాయకురాలు నాగమ్మ మంత్రిణి అయింది. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోవలసి రావడం, గడువు ముగిసినా రాజ్యభాగం తిరిగి దక్కకపోవడం, రాయబారిగా గురజాల వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలికావడం, ఇవన్నీ కలిసి రెండు సైన్యాలను కారెంపూడి మైదానానికి చేర్చాయి. పాత కావ్యాలలో ఈ ఊరి పేరు కార్యమపూడి.

విషప్రయోగం ఘట్టం ఒక్కటే ఈనాటి ఉత్కంఠ నవలకు సరిపడేంత బలమైనది. అలరాజు స్వయానా నలగామరాజుకు అల్లుడు. రాయబారిగా వెళ్లినవాడు ఇంటి మనిషి కూడా కావడంతో, అతని మృతితో సంధి ప్రయత్నమూ చుట్టరికమూ ఒకేసారి తెగిపోయాయి. తండ్రి పక్షపు కుట్రకు భర్తను పోగొట్టుకున్న రత్నాల పేరిందేవి చితి ఎక్కిందని కథ. యుద్ధం ఇంకా మొదలుకాకముందే అందరికన్నా ముందుగా దాని మూల్యం చెల్లించినది ఈమేనన్న సంగతిని వీరుల ప్రశంసలో పడి మరచిపోవడం న్యాయం కాదు.

కథకు గుండెకాయ మాత్రం బాలచంద్రుడిది. బ్రహ్మనాయుడికీ ఐతాంబకూ ఎన్నో నోముల తరువాత కలిగిన ఈ బిడ్డకు, కార్యమపూడికి సైన్యాలు కదిలిన సంగతి తెలియకుండా దాచిపెట్టారు. రహస్యమంటే శత్రువు పన్నే కుట్ర అని సాధారణంగా అనుకుంటాం కాని, ఇక్కడ రహస్యాన్ని కాపాడుతున్నది తల్లి ప్రేమ. ఆ కట్టుబాటు ఒక ఆట వల్ల తెగిపోయింది. బాలచంద్రుడు తిప్పిన బొంగరం అన్నమ్మ అనే వైశ్య స్త్రీకి తగిలి గాయం కావడంతో ఆమె ఆగ్రహించి, నీ పౌరుషం వీధిలో కాదు, నీవాళ్లందరూ వెళ్లిన రణరంగంలో చూపించమన్నట్టు నిష్ఠూరమాడింది. ఇంత పెద్ద యుద్ధకథను ఒక పిల్లవాడి బొంగరం మలుపు తిప్పడంలో ఉన్న నేర్పు అసాధారణమైనది. పాఠకుడికి అన్నీ తెలుసు, కథానాయకుడికి ఒక్కటీ తెలియదు, తెలిసే క్షణం ఎప్పుడు వస్తుందోనన్నదే ఇక్కడి ఉత్కంఠ.

తల్లి ఎంత వారించినా వినని కొడుకు, భార్య వద్ద సెలవు తీసుకోవడానికి మాంచాల ఇంటికి వెళతాడు. శ్యామాంగి అనే వేశ్య ఇంట కాలం గడిపిన బాలచంద్రుడు పెళ్లాడిన నాటినుంచీ మాంచాలను పట్టించుకోలేదు కనుక, భర్త మొదటిసారి తనను వెతుక్కుంటూ వచ్చిన రాత్రే అతను యుద్ధానికి బయలుదేరే రాత్రి కూడా అయింది. కూతురిని అలంకరించి, అల్లుడిని ఎలాగైనా నిలుపుకొమ్మని బోధించే తల్లి ఒకవైపు, బయట కాచుకుని ఉన్న చెలికాడు అనపోతు మరొకవైపు ఉండగా, నిర్ణయమంతా మాంచాల చేతిలో పడింది. ఆమె కోరితే అతను ఆగిపోయేవాడన్న సూచన కథలో స్పష్టంగానే ఉంది. ఆమె కోరలేదు, వీరధర్మం గుర్తుచేసి, చేతికి కత్తి అందించి, భర్తను కార్యమపూడికి సాగనంపింది.

మాంచాలను పతివ్రతగా, వీరపత్నిగా పొగిడి ఊరుకోవడం ఇంతకాలం మన అలవాటు. ఆ పొగడ్త ఆమెకు చాలదు. తనకు ఒక్కనాడూ దక్కని జీవితాన్ని కోరే హక్కు ఆ రాత్రి ఆమె చేతికి వచ్చింది, ఆ హక్కును ఆమె తెలిసి తెలిసి వదులుకుంది. ఆధునిక ప్రణయ నవలలో ప్రేమ నాయకుడిని మృత్యువు నుంచి వెనక్కి లాగితే, పల్నాటి కథలో ప్రేమ పుట్టిన గడియలోనే అతన్ని మృత్యువు వైపు పంపుతుంది. దారిలో మరొక ప్రాణం పోయింది. యుద్ధంలో బ్రాహ్మణుడైన అనపోతు చనిపోతే ఆ పాపం తనకు చుట్టుకుంటుందని భయపడిన బాలచంద్రుడు, మరచిపోయిన వస్తువు తెమ్మన్న నెపంతో అతన్ని వెనక్కి పంపగా, ఆ మోసాన్ని గ్రహించిన స్నేహితుడు తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఇక అతీంద్రియ శక్తుల సంగతి. ఈనాటి నవలలో దెయ్యమో, జోస్యమో, పరచిత్తజ్ఞానమో కథకు ఉప్పులా వేసే దినుసు మాత్రమే. పల్నాటి కథలో దైవం నేపథ్యం కాదు, పాత్ర. బ్రహ్మనాయుడిని విష్ణ్వంశగా భావించే సంప్రదాయంలో మాచర్ల చెన్నకేశవుడు కులదైవమై నడిపిస్తాడు. అంకాలమ్మ, పోతురాజు రణరంగానికి కాపలా కాస్తారు. మాలపల్లె నుంచి వచ్చిన కన్నమదాసును కొడుకుగా భావించి సేనాపతిని చేసిన బ్రహ్మనాయుడు, అన్ని కులాలవారిని ఒకే చాపపై కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడన్నది కూడా భక్తి నుంచి వచ్చిన విశేషమే. యుద్ధం ముగిశాక అతను గుత్తికొండ బిలంలో ప్రవేశించాడని, అక్కడ ఇంకా ఉన్నాడని జనం నమ్మకం. నేలకూలిన వీరులు కారెంపూడిలో లింగాలయ్యారు. ఆ లింగాలకు పూజ నేటికీ ఆగలేదు.

ఏటా కార్తీక అమావాస్య మొదలుకొని అయిదు రోజులు కారెంపూడిలో జరిగే వీరుల తిరునాళ్లలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అన్న వరుసలో కథ మొత్తం మళ్లీ నడుస్తుంది. కొణతాలు అనే వీరాయుధాలను పూనుకుని ఆచారవంతులు దూరపు ఊళ్లనుంచి వస్తారు. నాగులేటి ఒడ్డున స్నానం, వీరుల గుడిలో మొక్కు, వీధుల్లో ఊరేగింపు, పూనకాల మధ్య చరిత్ర ఎక్కడ ఆగి దైవం ఎక్కడ మొదలైందో వేరుచేయడం కష్టం, ఆ ప్రయత్నం అక్కడ ఎవరూ చేయరు కూడా. తండ్రితాతల కత్తిని భుజాన మోసుకొచ్చినవాడికి బాలచంద్రుడు కావ్యనాయకుడు కాదు, ఇంటి పెద్ద.

కథ ప్రాచీనతకు మంచి సాక్ష్యం ‘క్రీడాభిరామం’. కాకతీయుల ఓరుగల్లును వర్ణించే ఆ కావ్యంలో ఒక గాయని పల్నాటి వీరుల కథను పాడుతూ కనిపిస్తుంది, అంటే ఈ పాట పల్నాటి ఎల్లలు దాటి ఎంతో కాలమైంది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా ఆయన మరణానంతరం ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’ 1947లో విడుదలైంది. అందులో కన్నాంబ నాగమ్మగా, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడిగా నటించారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ గాయకుల నోటి పాటను సేకరించి ఆంగ్లంలోకి అనువదించిన గ్రంథం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడింది.

ఈ కథను నేటి నవలగా మలచాలనుకునే రచయిత ముందుగా అచ్చుపుస్తకం తెరవడం కన్నా, తరతరాలుగా దీన్ని పాడుతున్న మాల కులస్థులైన వీరవిద్యావంతుల ముందు కూర్చోవడం మేలు. ద్విపదలో మనకు మిగిలినది ప్రధానంగా బాలచంద్రుని యుద్ధం. మందను కాపాడబోయి ఒరిగిన లంకన్న, రాయబారం వెళ్లి తిరిగిరాని అలరాజు, సేనలను నడిపిన కన్నమదాసు తమ పూర్తి నిడివితో బతికి ఉన్నది ఆ గాయకుల గొంతులోనే.