‘మీకేమీ లేదు’: కుటుంబ వైద్యుడు, రోగి సంభాషణలో ఒక చిక్కు

కుటుంబ వైద్యుల వద్దకు పదేపదే వచ్చే కొందరికి పరీక్షల్లో ఏదీ తేలదు, ఏ మందూ గుణమివ్వదు. వారి పేరు వినగానే వైద్యునికి నీరసం ఆవహిస్తుంది. 1988లో ఓడౌడ్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసంతో ఇటువంటివారికి ‘హార్ట్‌సింక్’ రోగులన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. తెలుగులో ‘గుండె జారడం’ అనవచ్చు. అయితే జారుతున్న గుండె వైద్యునిది, పేరు పడింది రోగికి. ఈ కష్టంలో ఇద్దరి మధ్య నడిచే మాటల పాత్ర ఎంతో తెలుగు సంభాషణ ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఒక ఊహాత్మక సందర్భాన్ని తీసుకుందాం. యాభై ఏళ్ల గృహిణి వచ్చి, “ఒళ్లంతా పీకేస్తోందండీ, వేడి చేసింది, గుండె దడగా ఉంటోంది” అంటుంది. వైద్యుడు రక్తపరీక్షలు, ఈసీజీ చూసి, “అన్నీ నార్మలేనమ్మా, మీకేమీ లేదు” అంటాడు. ఆయన ఉద్దేశం ధైర్యం చెప్పడమే. కానీ ఈ వాక్యంలో ‘లేదు’ దేనికి సంబంధించినదో చెప్పే పదం లేదు. వైద్యుని మనసులో ఉన్నది ‘ప్రమాదకరమైన జబ్బు’. ఆమెకు వినిపించింది ‘బాధ’. అంటే తాను అబద్ధమాడుతున్నట్టే కదా! మరుసటిసారి ఆమె బాధను మరింత పెంచి చెబుతుంది, లేదా మరో వైద్యుని వెతుక్కుంటుంది. “గుండె పరీక్షలో ప్రమాదమేదీ కనబడలేదు. మీకు బాధ ఉన్న మాట నిజమే. అది ఏ వేళలో ఎక్కువవుతోందో చెప్పండి” అన్నప్పుడు పరిస్థితి వేరు. ‘లేదు’ స్థానంలో ‘కనబడలేదు’ రావడం చిన్న మార్పే, కానీ సంభాషణ ముగియవలసిన చోట మొదలవుతుంది.

‘వేడి చేసింది’ అన్న మాటనూ ఇలాగే చూడాలి. మూత్రంలో మంట, నోటిపూత, కళ్లమంట, నిద్రలేమి, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఒదుగుతాయి. “వేడి అనేదేమీ ఉండదమ్మా” అని కొట్టిపారేస్తే వీటిలో ఏదీ బయటికి రాదు. “వేడి మీకు ఎక్కడ తెలుస్తోంది?” అని అడిగితే వస్తుంది. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ 74 సంప్రదింపులను పరిశీలించగా, వైద్యులు సగటున 18 సెకన్లకే రోగి మాటకు అడ్డుపడినట్లు తేలింది. మొదట చెప్పినదే ముఖ్యమైనది కావాలని లేదు. తలుపు దాకా వెళ్లి “ఇంకో మాట డాక్టరుగారూ” అన్నవారి అసలు భయం తరచు ఆ మాటలోనే ఉంటుంది.

కిక్కిరిసిన ఓపీలో ఇంత ఓపిక సాధ్యమా అన్న ప్రశ్న న్యాయమైనదే. వైద్యుని విసుగును గ్రోవ్స్ 1978లోనే దాచవలసిన తప్పుగా కాక, రోగిని అర్థం చేసుకోవడానికి పనికివచ్చే సమాచారంగా చూశాడు. అయితే దూషణకు, దాడికి మాటల మెలకువ చాలదు. అక్కడ హద్దు స్పష్టంగా చెప్పాలి, అవసరమైతే ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన వైద్యసిబ్బంది రక్షణ చట్టాన్ని ఆశ్రయించాలి.

సంప్రదింపు చివర అలవాటుగా అనే “బాధ ఉంటే మళ్లీ రండి” కూడా పరిశీలించదగినదే. వైద్యుని చూడాలంటే బాధ ఉండి తీరాలన్న నియమాన్ని ఆ వాక్యం తెలియకుండానే పెడుతుంది. దీర్ఘకాలం తేలని బాధలున్నవారికి ముందే నిర్ణయించిన తేదీలు ఇవ్వడం వైద్యంలో ఆమోదం పొందిన పద్ధతి. దానికి తగిన తెలుగు వాక్యం: “తగ్గినా, తగ్గకపోయినా పై నెల మొదటి సోమవారం రండమ్మా.”