బావ అంగట్లో బొజ్జ బుద్ధుడు

మా బావకి ఆదోనిలో పత్తి కమీషను అంగడి వుంది. నాది ఎమ్మిగనూరు. బస్సులో గంట ప్రయాణం. అందుచేత నెలకి రెండుసార్లయినా వెళ్ళి, అక్క చేతి ఉగ్గాని తిని వస్తూంటాను.

కిందటేడు పత్తి ధర పడిపోయినప్పుడు బావ ఫోను చేశాడు. "ఒరే, నాకొక నవ్వే బుద్ధుణ్ణి తెచ్చియ్యి. సొంతంగా కొనుక్కుంటే పనిచెయ్యదంట. ఎవరన్నా ఇస్తేనే లక్ష్మి వస్తుందంట" అన్నాడు. డబ్బు మాత్రం తర్వాత ఇచ్చేస్తాడట! అప్పుడది కానుక ఎలా అవుతుందో నాకు బోధపడలేదు.

తెచ్చిచ్చాను. గల్లాపెట్టె పక్కన, వాకిలివైపు ముఖం పెట్టి కూర్చోబెట్టాడు. అప్పటికే అక్కడ ఎర్రదారం కట్టిన మూడు చైనా నాణాలూ, ఒక ఇత్తడి తాబేలూ కాపురముంటున్నాయి. పొద్దున అంగడి తెరవగానే బావ ముందు ఆ బొజ్జ నిమిరి, తర్వాత లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి వెలిగిస్తాడు.

ఆ బొజ్జాయన మన గౌతమ బుద్ధుడు కాడు సుమండీ. వెయ్యేళ్ళకు పైగా అయింది, చైనాలో తిరిగిన ఒక భిక్షువు. పేరు బుదాయ్. ఆ మాటకి గుడ్డసంచి అని అర్థం. భుజాన సంచి వేసుకుని ఊరూరా తిరిగేవాడనీ, పిల్లలు కనబడితే అందులోంచి మిఠాయి తీసి పంచేవాడనీ చెబుతారు. రాబోయే మైత్రేయ బుద్ధుడే ఆ రూపాన వచ్చాడని అక్కడివారి నమ్మకం. పంచిపెట్టడమే పనిగా తిరిగినవాణ్ణి తెచ్చి గల్లాపెట్టెకి కాపలా పెట్టుకున్నాం మనం! 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళ సహకార సంఘం స్థాపించిన ఊరివాణ్ణి కాబట్టి, గుడ్డసంచి అనగానే నాకు ఆయనమీద అభిమానం పుట్టింది. 7వ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ అంత దూరాన్నుంచి మన ధాన్యకటకం దాకా వచ్చి, భిక్షువుల దగ్గర శాస్త్రం చదువుకుని వెళ్ళాడు. ఇప్పుడు మనం అక్కడినుంచి తాబేలు తెప్పించుకుంటున్నాం.

ఇంతవరకూ నవ్వుకునే సంగతే. నవ్వు రానిది ఒక శుక్రవారం నా కళ్ళముందే జరిగింది.

పత్తి బోరా మీదపడి కాలు విరిగిన హమాలీ ఒకడు మూడు నెలలుగా మంచంలో వున్నాడు. వైద్యానికి మూడువేలు ఇస్తానని బావ మాటిచ్చాడు. ఆరోజు అతని భార్య వచ్చి నిలబడింది. "శుక్రవారం కదమ్మా, లక్ష్మి బయటికి పోకూడదు. మళ్ళా రా" అన్నాడు బావ. అంతకుముందు వచ్చినప్పుడు మంగళవారమట. ఇంకోరోజు మార్కెట్టు బాగలేదట. ఆమె ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

మా బావ చెడ్డవాడు కాడు. శుక్రవారం సంగతి అతను నిజంగానే నమ్ముతాడు. అయితే ఆ నమ్మకం అతనికి అనుకూలంగా కూడా వుంది. అక్కడే వచ్చింది చిక్కు.

తర్వాతి వారం గుత్తిలో బంధువుల పెళ్ళి. గుంతకల్లు దారి వద్దని, పత్తికొండ మీదుగా పోదామని నేనే పట్టుబట్టాను. దారిలో ఎర్రగుడి దగ్గర కారు ఆపించి ముగ్గురం గుట్ట ఎక్కాం. అశోక చక్రవర్తి 14 పెద్ద శాసనాలూ, రెండు చిన్న శాసనాలూ ఆ బండలమీద వున్నాయి. 1928లో అనుఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటపడ్డాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, మళ్ళీ కుడినుంచి ఎడమకీ నడుస్తాయి, ఎద్దులు సాలు తిరిగినట్టు.

ఆ లిపి నాకు రాదు. పుస్తకంలో చదువుకున్న 9వ శాసనం సంగతి చెప్పాను. జబ్బు చేస్తే, పెళ్ళయితే, బిడ్డ పుడితే, ప్రయాణం కడితే జనం ఏవేవో మంగళాలు చేస్తారనీ, ఆడవాళ్ళయితే మరీ పనికిరానివి చేస్తారనీ అంటాడు అశోకుడు. మానమనడు, చెయ్యమనే అంటాడు. కాని వాటి ఫలం కొంచెమేనట. బానిసలనూ పనివాళ్ళనూ సరిగా చూడటం, గురువులను గౌరవించడం, ప్రాణులపట్ల నిగ్రహం, దానం, ఇవి ధర్మమంగళం. దీని ఫలం గొప్పదట. బౌద్ధుడైన రాజు జనం తంతులను తోసెయ్యకుండా ఇంత ఓపికగా చెప్పడం నాకు భలే నచ్చింది.

అక్కకి నచ్చలేదు. "ఆడవాళ్ళు చేస్తారంటాడా? రోజూ ఆ బొజ్జ నిమిరేది ఎవరంట?" అంది.

బావ నవ్వలేదు. కాసేపాగి, "పనివాళ్ళు అని రాసుందా, నిజంగా?" అని అడిగాడు.

"రాసుంది బావా."

గుత్తిదాకా మళ్ళీ మాట్లాడలేదు.

పెళ్ళినుంచి వచ్చాక రెండురోజులు ఆదోనిలోనే వున్నాను. రెండోరోజు శుక్రవారం. దీపాలు పెట్టేవేళకి హమాలీ భార్య వచ్చింది. బావ కాలెండరు చూశాడు. బుద్ధుణ్ణి చూశాడు. గల్లాపెట్టె తీసి నోట్లు లెక్కపెట్టి, నా చేతిలో పెట్టాడు.

"నువ్వియ్యిరా. నా చేత్తో ఈరోజు ఇయ్యకూడదు" అన్నాడు.

ఇచ్చాను. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుని మెట్లు దిగింది.