వేలికొసన అచ్చులు

ఏదీ, నీ ఎడమ చెయ్యి ఇలా చాపమ్మా. వేళ్లు కాస్త విడదీసి పెట్టు. బొటనవేలి కొసన తట్టానా, అది ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం. చూపుడువేలి కొస ‘ఈ’, నడివేలిది ‘ఐ’, ఉంగరపువేలిది ‘ఓ’, చిటికెనవేలిది ‘యు’. అచ్చులు ఐదూ ఐదువేళ్ల కొసల్లో సర్దుకున్నాయి. అరచేతిలో సున్నా చుడితే ‘ఎస్’. చిటికెనవేలి మొదట్లో తడితే ‘ఎమ్’.

చక్కిలిగింతలు కావివి. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లు మాట్లాడుకునే తీరు. దీన్ని కనిపెట్టినాయన హైరోనిమస్ లార్మ్ అనే కలంపేరుతో రాసిన రచయిత. 1821లో మొరావియాలో పుట్టాడు. కుర్రతనంలోనే వినికిడి పోయింది. చూపు మందగిస్తూ వచ్చి చివరికి అదీ పోయింది. ఇంట్లోవాళ్లతో మాట్లాడకుండా ఎలా? 1881లో తన అరచేతినే పలక చేసుకున్నాడు. ఆయన పోయాక, 1908లో, కూతురు ఈ లిపిని అచ్చు వేయించింది. జర్మన్ మాట్లాడేచోట ఇప్పటికీ వాడుతున్నారు. చిటికెనవేలి మొదలు, బొటనవేలి కొస, మళ్లీ ఆ రెండూ: ‘మామా’. వాళ్ల భాషలో మామా అంటే అమ్మ!

చిక్కల్లా ఒక్కటే. పక్కన చెయ్యి పట్టుకుని కూర్చునే మనిషి ఉండాలి, ఆ మనిషికీ ఈ లిపి వచ్చి ఉండాలి. ఎవరూ లేని పూట ఎంతకీ గడవదు కదా. అందుకే 2012 ప్రాంతంలో బెర్లిన్ కళల విశ్వవిద్యాలయంలో పరిశోధకులు ఒక చేతొడుగు తయారుచేశారు. దాని అరచేతివైపు గుడ్డలో ఒత్తిడిని పసిగట్టే సెన్సార్లు ఉంటాయి. తొడుగు వేసుకున్న చేతిమీద రెండో చేత్తో తాకుతూ రాసుకుంటే, అక్షరాలు ఫోన్‌లోకి వెళ్లి మెసేజ్ అవుతాయి. ఎంత దూరానున్నవాళ్లయినా చదువుకోవచ్చు, లిపి రాకపోయినా సరే.

మరి జవాబో? అది చేతి వెనకవైపు వస్తుంది. అక్కడ చిన్నచిన్న మోటార్లు, సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌లా జుయ్యిమంటాయి. నాకు భలే నచ్చింది ఇక్కడే. మోటార్లు ఉన్నవి కొన్నిచోట్లే, కానీ చేతికి నిండు గీత తెలియాలి. పక్కపక్కనున్న రెండు మోటార్లు ఒకేసారి కదిలితే చర్మానికి రెండుచోట్ల కాదు, నడుమ ఒక్కచోటే అదిరినట్టుంటుంది. ఒకదాని జోరు తగ్గిస్తూ రెండోదాని జోరు పెంచితే, ఆ చోటు మెల్లగా జరుగుతుంది. ఎవరో వేలితో గీసినట్టే!

సరే, కళ్లు మూసుకో. బొటనవేలి కొస... చిటికెనవేలి మొదలు, రెండుసార్లు... మళ్లీ బొటనవేలి కొస. ఎవర్ని పిలిచానో చెప్పు?