మిల్లు నేలలో జనం వాటా ఎంత?

పాత ఫ్యాక్టరీ ఏరియాని అందరూ ఉండే, తిరిగే పేటగా మార్చడం కూడా ప్లేస్‌మేకింగే. అసలు కథంతా నేల పంపకంలోనే ఉంటుంది.

ముంబైలో లోయర్ పరేల్ చూడండి. ఒకప్పుడు అదంతా బట్టల మిల్లులే. మన తెలంగాణ పద్మశాలీలు కూడా ముంబై మిల్లుల్లో పనిచేశారు. 1982 సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. తర్వాత చాలా మిల్లులు మూతపడ్డాయి.

1991 రూల్ ఏమందంటే, మిల్లు నేలలో దాదాపు మూడో వంతు పార్కులు, మైదానాలకి, మూడో వంతు సామాన్యుల ఇళ్లకి, మిగతాది ఓనర్‌కి. 2001లో దాన్ని మార్చారు: షెడ్లున్న నేల వదిలేసి, ఖాళీ నేలలోనే వాటా! దాంతో జనం వాటా బాగా తగ్గిపోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పు చెల్లుతుందంది.

ఇప్పుడక్కడ ఫీనిక్స్ మిల్లు ఒక మాల్. మీ ఊళ్లో ఇలాంటి ప్లాన్ వస్తే, రంగుల బొమ్మ చూసే ముందు ఒక్కటి అడగండి: వాటా ఏ నేల మీద లెక్కేశారు?