తీసివేతలో తిరకాసు

"స్పీకర్‌కి ఏం పంపిందో కంప్యూటర్‌కి తెలుసు కదా సార్, మైకులో వచ్చిన దాంట్లోంచి దాన్ని తీసేస్తే సరిపోదా?" అని క్లాసులో ఒకబ్బాయి అడిగాడు. వీడియో కాల్‌లో ఎకో ఎలా పోతుందన్న మాట మీద వచ్చిందా ప్రశ్న. పని నిజంగా తీసివేతే. తిరకాసంతా ఏం తీసెయ్యాలన్న దగ్గరే.

మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తోందంటే తప్పు మీ ఫోనుది కాదు, అవతలి గదిది. అక్కడి స్పీకర్లోంచి వచ్చిన మీ మాట కొంత నేరుగా, కొంత బల్లకీ గోడకీ తగిలి, ముందూ వెనకలుగా అక్కడి మైకులో పడుతుంది. మీటరు దూరానికి శబ్దం దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఎవరైనా కుర్చీ జరిపితే చాలు, లెక్క మారిపోతుంది.

ఈ తలనొప్పి ముందుగా ఉపగ్రహ టెలిఫోన్లను పట్టుకుంది. 36,000 కిలోమీటర్లు ఎక్కి దిగిన మాటలో కొంత అవతలి తీగల అతుకు దగ్గర వెనక్కి మళ్ళి, అదే దారిన తిరిగొచ్చేసరికి అర సెకను దాటేది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి దారి మూసేసే పాత పరికరాలు ఆ ఆలస్యంలో అసలు మాటల్నే తుంచేసేవి. బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ, మన్ మోహన్ సోంధీ దారి మూయడం కాదు, ప్రతిధ్వనిని లెక్కగట్టి తీసేద్దామనుకున్నారు. (పందెంలో ఎంత కాయాలో చెప్పే సూత్రం ఈ కెల్లీదే. సోంధీ మన బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివినాయన.) సోంధీ వ్యాసం 1967లో వచ్చింది.

కిటుకు ఇది. స్పీకర్‌కి ఇప్పుడే పంపిన శాంపిల్ (ఒక్క క్షణపు శబ్దం కొలత), దానికి ముందుది, ఆ ముందుది... ఇలా ఒక్కోదానికి ఒక్కో గుణకం. అన్నిటినీ గుణించి కూడితే ఎకో అంచనా వస్తుంది. మైకులోంచి దాన్ని తీసేయగా మిగిలింది పొరపాటు. ఆ పొరపాటును ఒక్కో శాంపిల్‌తో హెచ్చించి, అందులో ఒక చిన్న వంతు ఆ శాంపిల్ గుణకానికి కలపాలి. విడ్రో, హాఫ్ 1960లో చూపిన పద్ధతికి సారం ఇంతే. గది కొలతలు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాసేపు మాట వింటే చాలు, గుణకాలు గదిని నేర్చేసుకుంటాయి.

ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే మాత్రం కొంప మునుగుతుంది. మిగిలిన శబ్దంలో ఆ గదిలోవాళ్ళ గొంతు కూడా ఉంటుంది. ఫిల్టర్, అంటే ఈ గుణకాల వరస, దాన్నీ తన పొరపాటే అనుకుని, నేర్చుకున్నదంతా చెడగొట్టుకుంటుంది. జపాన్‌లో ఎన్‌ఈసీకి చెందిన ఒచియాయ్ బృందం 1977లో చెప్పిన విరుగుడు నాకు భలే ఇష్టం: చిత్తు పుస్తకం, ఫెయిర్ పుస్తకం లాగా రెండు ఫిల్టర్లు. మొదటిది తోచినట్టు దిద్దుకుంటూ పోతుంది. దాని ఫలితం మెరుగ్గా ఉందని తేలినప్పుడే గుణకాలు రెండోదానికెక్కుతాయి. కాల్‌లో వినిపించేది ఈ రెండోదాని పనే.

2011లో గూగుల్ బయటపెట్టిన వెబ్‌ఆర్‌టీసీ అనే కాల్స్ కోడ్‌లోని ఎకో క్యాన్సలర్ సీ భాషలో ఉండేది. 64 శాంపిళ్ళ ముక్కలు, అంటే సెకనుకు 16,000 చొప్పున 4 మిల్లీసెకన్లకొకటి. మామూలుగా 12 ముక్కల జ్ఞాపకం. ఆ 48 మిల్లీసెకన్లలో శబ్దం 16 మీటర్లు తిరగగలదు. తర్వాత దాన్ని 32 ముక్కలకు పొడిగించారు.

ఇలాంటి కోడ్‌ను రీఫ్యాక్టర్ చేయడం, అంటే పని మారకుండా సర్దడం, చూడ్డానికే తేలిక. పది కోట్లకు 1 కలిపి పది కోట్లు తీసేయండి: 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలో 0 వస్తుంది. పది కోట్లలోంచి పది కోట్లు ముందే తీసేసి తర్వాత 1 కలిపితే 1. కూడిక వరస మారితే జవాబు మారిందన్నమాట! ఎకో క్యాన్సలర్‌లో ఆ తేడా అక్కడితో ఆగదు. పొరపాటులోకి, అక్కణ్ణుంచి గుణకాల్లోకి, మళ్ళీ తర్వాతి అంచనాలోకి పాకుతుంది. అందుకే సర్దుడు మార్పు వేరు, తీరు మార్చే మార్పు వేరు. సర్దినప్పుడు అవుట్‌పుట్‌లో ఒక్క బిట్టూ తేడా రాకూడదు. వస్తే, అది సర్దుడో చెడగొట్టుడో చెవితో విని తేల్చడం ఎవరి తరమూ కాదు.

చివరికి వెబ్‌ఆర్‌టీసీ ఎకో క్యాన్సలర్‌ను ఏఈసీ3 పేరుతో సీ ప్లస్ ప్లస్‌లో కొత్తగానే రాసుకున్నారు. అందులోనూ ముక్కకు 64 శాంపిళ్ళే, ఫిల్టర్లూ రెండే.