అశ్మరి: పేరులోనే ఉన్న హెచ్చరిక

మా బావమరిది శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఆ చుట్టుపక్కల మేడలు పెరిగినా, రాతిగుండ్లు ఇంకా కనబడుతూనే ఉంటాయి. గత వేసవిలో అతనికి నడుము నుండి గజ్జల వరకు ప్రాకే తీవ్రమైన నొప్పి వచ్చింది. స్కానింగులో మూత్రనాళంలో రాయి ఉన్నదని తేలింది. “బావా, ఈ రాతినేల బోరునీళ్ళే నాలో రాయిగా మారాయా?” అని అడిగాడు.

ఆయుర్వేదం ఈ వ్యాధిని ‘అశ్మరి’ అంటుంది. సంస్కృతంలో ‘అశ్మ’ అంటే రాయి. రాయివలె గట్టిపడేది కనుక అశ్మరి. అది పగిలి రేణువులుగా పడితే ‘శర్కర’. లాటిన్‌లోని ‘కాల్క్యులస్’కు కూడా గులకరాయి అనే అర్థం.

అయితే ఈ రాయి బయటినుండి వచ్చేది కాదు. క్రొత్తకుండలో పోసిన తేటనీటిలో సైతం కాలక్రమాన అడుగున మడ్డి చేరినట్లే అశ్మరి ఏర్పడుతుందని సుశ్రుతుడు నిదానస్థానంలో వివరించాడు. మూత్రం చిక్కబడినప్పుడు అందులోని లవణాలు స్ఫటికాలుగా పేరుకొంటాయని నేటి వైద్యం చెబుతున్నది. ఎక్కువ రాళ్ళలో ఉండేది కాల్షియం ఆక్సలేట్. బియ్యంలోని రాళ్ళు తింటే ఈ వ్యాధి వస్తుందనుకోవడం అపోహ.

మన ఇళ్ళలో దీనికి కొండపిండి ఆకు కషాయం, ఉలవకట్టు వాడుక. కొండను పిండి చేస్తుందనే నమ్మకం ఆ మొక్క పేరులోనే వినబడుతుంది. మా బావమరిది కూడా చలిజ్వరం వచ్చినా నాకు చెప్పక, మూడు రోజులు కషాయమే త్రాగాడు. ఆసుపత్రికి చేర్చేసరికి రాయి అడ్డుపడి, పైన నిలిచిన మూత్రంలో చీము పట్టింది. వెంటనే గొట్టం అమర్చి మూత్రానికి దారి చేశారు. తరువాత రాయిని తీశారు. ప్రాణం దక్కింది.

సుశ్రుతుడు అశ్మరిని ఎనిమిది మహావ్యాధులలో ఒకటిగా లెక్కించాడు. లేతదశలో ఔషధం, ముదిరితే శస్త్రం అని స్పష్టంగా చెప్పాడు. శస్త్రచికిత్సలోనూ అపాయముంది కనుక రాజు అనుమతి పొంది చేయమన్నాడు. ఆకుల గుణాలెరిగిన ఆచార్యుడే ఆకుతో ఆగలేదని పాఠకులు గమనించాలి.

చిన్న రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్లు నీరు త్రాగాలి, ఉప్పు తగ్గించాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు వైద్యుని అడిగి త్రాగాలి. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా కషాయం కాచుతూ కూర్చోక, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి.